పసుపు రంగు మీద పానా

పాలిటెక్నిక్‌లో నా తరవాత బ్యాచుల అమ్మాయిలు ఫోన్ చేసి, "అక్కా, ఉద్యోగంలో మీ అనుభవం ఒకటి రాసివ్వండి, చదివితే మాకు ధైర్యం రావాలి" అన్నారు. సరే అన్నాను. ఫోన్లో కాదనడం నాకు చేతకాదు. ఎదురుగా అయితే అసలే చేతకాదు. రాయడానికి కూర్చున్నాక ధైర్యమిచ్చే సంగతి ఒక్కటీ తట్టలేదు. తట్టిందల్లా ఒక పసుపు రంగు గీత. దాని గురించే రాస్తున్నాను. ధైర్యం సంగతి మీరే చూసుకోవాలి.

నేను మొదట పనిచేసింది ఆటోనగర్‌లో ఒక షెడ్డులో. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి ఎత్తు పెంచడం అక్కడి పని. కొండలెక్కే బండ్లు, భీమిలి వైపు ఇసకలో పడవల్ని లాగే బండ్లు, ఊరికే బీచ్ రోడ్డు మీద తిరగడానికి ఎత్తు కావాలనుకునే కుర్రాళ్ళ బండ్లు, అన్నీ వచ్చేవి. ఎత్తు పెంచాక చక్రాల అలైన్‌మెంట్ చూసి సరిచేయడం నా ఉద్యోగం. ఆ మిషను ఒక పిట్ మీద ఉండేది. పిట్ అంటే నేలలో తవ్విన పొడుగాటి గొయ్యి. బండి పైన తన నాలుగు చక్రాల మీద తాను నిలబడి ఉంటుంది, మనిషి కింద నిలబడి పని చేసుకుంటాడు. గోడకి బిగించిన సన్నటి ఇనప మెట్ల మీంచి దిగాలి.

నాకు ఆ పిట్ మొదటి రోజే నచ్చేసింది. కస్టమర్లతో మాట్లాడక్కర్లేదు. పైన ఎవరు అరుచుకున్నా నాకు కనిపించేవి బూట్లూ చెప్పులే. బండి లేనప్పుడు ట్యూబ్‌లైటు కింద లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. మా అమ్మ మాత్రం, "డిప్లొమా చదివిన పిల్ల గోతిలో ఉద్యోగం చేస్తోందని చర్చిలో నలుగురికీ ఎలా చెప్పను" అని బాధపడేది.

షెడ్డులో ఓనరు కాక పనివాళ్ళం ముగ్గురమే. నేను ఎవరి పేరూ రాయను. అవసరమూ లేదు, మాకు రంగులు ఉండేవి.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. చక్రాలకీ స్టీరింగ్‌కీ సంబంధించిన ప్రతి నట్టునీ ఆఖరిసారి ఎవరు బిగిస్తారో వాళ్ళు దాని మీద తమ రంగుతో గీత గియ్యాలి. ఎప్పుడైనా నట్టు వదులైతే గీత చెదిరి కనిపిస్తుంది. అది ఎవరి పనో కూడా కనిపిస్తుంది. దానికి తోడు ఇంకో నియమం: ఒకరి రంగు ఉన్న నట్టు మీద ఇంకొకరు పానా పెట్టకూడదు. పెట్టారంటే, నీ బిగింపు మీద నాకు నమ్మకం లేదు అని మొహం మీద చెప్పినట్టే. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. కానీ జీతం పెంచలేదన్న దానికంటే ఈ విషయంలోనే షెడ్డులో ఎక్కువ గొడవలు అయ్యేవని నాకు చెప్పారు.

పసుపు మేస్త్రీది. నీలం రెండో మెకానిక్‌ది. అతనికి మేస్త్రీని ఆటపట్టించడం సగం ఉద్యోగం. నేను చేరినప్పుడు పెయింటు మార్కర్లలో ఎరుపు ఒక్కటే మిగిలింది, అదీ ఎండిపోయింది. మా చెల్లి నాకిచ్చిన గులాబీ రంగు గోళ్ళ రంగు బ్యాగులో ఉంది. పెట్టుకోవడానికి సిగ్గేసి అలాగే ఉంచేశాను. భయపడుతూనే చూపించాను. నీలం అతను పడీ పడీ నవ్వాడు. మేస్త్రీ మాత్రం సీసా తీసుకుని, మూత తిప్పి, ఒక పాత బోల్టు మీద గీసి ఊది చూశాడు.

"బేగి ఆరిపోతన్నాదిరా. మన రంగులకన్నా ఇదే నయం" అన్నాడు. "ఉండనీ తల్లీ. గులాబీ నీది."

నేను అతన్ని బాబాయ్ అనేదాన్ని. జాలరిపేట మనిషి. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. "మా నాన్న నన్ను మూడు మాట్లు తీసుకెల్లినాడు. మూడో మాటు ఒడ్డున దింపీసి, నువ్వు ఇనప పని నేర్సుకో, సముద్రం నిన్ను ఒల్లనంతన్నాది అన్నాడు" అని తనే చెప్పి తనే నవ్వేవాడు. వాళ్ళావిడ ఇప్పటికీ చేపలమ్ముతుంది. అతని టిఫిన్ డబ్బా తెరిస్తే పిట్‌లో ఉన్న నాకు కూడా ఆ రోజు ఏ చేపలు పడ్డాయో తెలిసిపోయేది.

పని నేర్పింది అతనే. నా చదువుని వెక్కిరించలేదు, దాని మీద మరీ గౌరవమూ చూపించలేదు.

"క్యాస్టర్ అంటే ఏటో సదివినావా?"

పుస్తకంలో ఉన్న నిర్వచనం అప్పజెప్పాను.

"అదే. సైకిలు ముందు ఫోర్కు సూడు, ఎనక్కి వాలి ఉంటాది గదా. అందుకే సేతులు ఒగ్గీసినా తిన్నగా ఎల్తాది. బండి కూడా అంతే. మనం లేపీసినామనుకో, ఇరుసు తిరిగి ఆ వాలు తగ్గిపోద్ది. అప్పుడు బండి తాగినోడి నడకే. మరి మిషనేటి సూపిత్తాది? సక్రాలు లోనకి తిరిగినాయేటోనన్న టో పచ్చ, పక్కకి ఒరిగినాయేటోనన్న కాంబర్ పచ్చ. అందరూ ఆ రెండు పచ్చలూ సూసి పంపించీత్తారు. నువ్వు మాత్రం స్టీరింగు అటూ ఇటూ తిప్పి క్యాస్టర్ కూడా కొలువు. టైం పడతాది. పట్టనీ."

ఎత్తు పెంచితే ఇరుసు ఒక పక్కకి జరుగుతుందనీ, బ్రేకు పైపులు చాలక లాగినట్టు అవుతాయనీ, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో పడతాయనీ, అన్నీ ఒక్కొక్కటిగా చూపించాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం బుష్‌ల గురించి.

ఇరుసుని బండికి పట్టి ఉంచే ఇనప చేతుల్ని మేము ఆర్మ్‌లు అనేవాళ్ళం. ఆర్మ్ చివర ఒక రబ్బరు బుష్ ఉంటుంది. దాని మధ్యలోంచి బోల్టు వెళ్ళి బండి ఫ్రేముకి ఉన్న బ్రాకెట్‌లో బిగుస్తుంది. ఎత్తు పెంచే పని లిఫ్టు మీద చేస్తారు. అప్పుడు బండి గాల్లో ఉంటుంది, చక్రాలు కిందకి వేలాడుతుంటాయి. ఆ స్థితిలో బోల్టు బిగించేస్తే రబ్బరు ఆ వాటానికే అతుక్కుపోతుంది. బండిని నేల మీదకి దింపగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరుగుతుంది.

"మెడ పట్టీసినోడు ఎలగ పడుకుంటాడు? అలగుంటాది ఆ రబ్బరు, పగలూ రాత్రీ" అనేవాడు. "కొన్నాళ్ళు ఓర్సుకుంటాది. మరింక సిరిగిపోద్ది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కొడతావు, ఆర్మ్ ఎనక్కి జరుగుతాది, బండి ఒక పక్కకి లాగీత్తాది. ఆ పక్కన లోయ ఉన్నాదనుకో, మరి సెప్పక్కర్నేదు."

అందుకని లిఫ్టు మీద బోల్టుల్ని చేత్తో బిగిసినంత మటుకే ఉంచి, బండిని పిట్ మీదకి తెచ్చి, బరువు చక్రాల మీద ఆనాక, కిందకి దిగి ఆఖరి బిగింపు ఇవ్వాలి. దానికి అతని గుర్తు కూడా వేరు. అందరూ నట్టు మీంచి బ్రాకెట్ దాకా పొట్టి గీత గీస్తారు. అతను నట్టు మీంచి బ్రాకెట్ దాటి ఆర్మ్ మీదకి వచ్చేలా పొడుగు గీత గీసేవాడు. గాల్లో బిగించి గీసినది అయితే బండి దింపగానే ఆర్మ్ తిరుగుతుంది, గీత రెండు ముక్కలవుతుంది. నేల మీద బిగించినది తిన్నగా ఉంటుంది. "పొడుగు గీత అబద్దం ఆడనేదు" అనేవాడు. నేను కూడా గులాబీ గీతలు పొడుగ్గానే గీసేదాన్ని.

ప్రతి బండికీ అతను ఆ ఇనప మెట్లు దిగి వచ్చేవాడు. దిగేటప్పుడు, "తల్లీ, పుస్తకం మూయ్, సుట్టాలొచ్చినారు" అనేవాడు.

వానలు మొదలైన కొత్తలో అనుకుంటాను, అతను కిందకి రావడం తగ్గింది. ముందు, "పిట్‌లో గాలాడతన్నేదు" అన్నాడు. తరవాత, "పైనే బిగించీసినాను, నువ్వు టో సూసుకో" అనడం మొదలుపెట్టాడు. పైన ఎలా బిగించాడని నేను అడగలేదు. నేలకి వీపు ఆనించి బండి కిందకి దూరి బిగించి ఉంటాడు, అలా కూడా చెయ్యొచ్చు. ఇరవై ఏళ్ళ పైబడి అదే పని చేస్తున్న మనిషిని ఎలా బిగించావని అడిగే నోరు నాకు లేదు.

నీలం అతను మాత్రం వదిలేవాడు కాదు. "బాబాయికి వయసొచ్చీసింది. గోతిలోకి దిగితే మళ్ళీ పైకి రాలేననుకుంటన్నాడు."

"నీ పెళ్ళికి తప్పకుండా దిగుతాన్రా, నిన్ను తోసీడానికి" అనేవాడు మేస్త్రీ. అందరం నవ్వుకునేవాళ్ళం.

అదే కాలంలో కొన్ని బండ్లు వెనక్కి వచ్చాయి. మేము ఎత్తు పెంచినవే. స్టీరింగ్ లాగుతోందని ఫిర్యాదు. విప్పి చూస్తే బుష్‌లు చిరిగిపోయి ఉండేవి. ఓనరు సామాన్ల షాపువాడికి ఫోన్ చేసి డూప్లికేట్ సరుకు అంటగడుతున్నావని షెడ్డంతా వినపడేలా తిట్టాడు. ఆ షాపువాడు పాపం కొత్త బుష్‌లు పంపించాడు. మేస్త్రీ వాటిని చేతిలో తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేశాడు. అతను ఏమీ అనకపోవడం మామూలు విషయం కాదు, టీలో పంచదార గురించి కూడా ఏదో ఒకటి అనే మనిషి. ఆ సంగతి నాకు తరవాత తట్టింది.

ఆ తరవాత కొండ బండి వచ్చింది.

దాని డ్రైవరు, ఓనరు ఒకడే. పాడేరు పైన ఎక్కడో ఉంటాడు. రోడ్డు సరిగా లేని ఊళ్ళ నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళనీ, జ్వరాలొచ్చిన పిల్లల్నీ ఘాట్ రోడ్డు మీద కిందకి ఆసుపత్రులకి చేర్చడం అతని పని. రాళ్ళకి బండి అడుగు తగులుతోందని ఎత్తు పెంచమన్నాడు. మేస్త్రీకి పాత స్నేహితుడు, ఇద్దరూ ఒకరినొకరు బావ అనుకునేవాళ్ళు.

"ఎంత లేపమంటావు బావా? ఆకాశం దాకా లేపీమంటావా?"

"కడుపుతో ఉన్నోళ్ళు ఎక్కాల బావా. నిచ్చెన ఎయ్యలేను. రాయి తగలకుండా సూడు, సాలు."

లిఫ్టు మీద పని అయ్యాక నీలం అతను బండిని తెచ్చి పిట్ మీద నిలబెట్టాడు. డ్రైవరు ఆ సాయంత్రమే వెళ్ళిపోవాలన్నాడు. మర్నాడు ఎవరినో దింపాలట. తొలి కాన్పు, కవలలు అన్నాడు. నేను పిట్‌లోంచి అతని కాళ్ళే చూశాను. రబ్బరు చెప్పులు, బొటనవేలికి కట్టు.

చక్రాలకి మిషను తగిలించేముందు టార్చి పట్టుకుని కింద అంతా ఒకసారి చూస్తాను. బ్రేకు పైపులు సరిపోయాయి. స్ప్రింగులు సరిగానే కూర్చున్నాయి. ఆర్మ్‌ల దగ్గరకి వచ్చేసరికి టార్చి అక్కడే ఆగిపోయింది.

పసుపు గీతలు పొట్టిగా ఉన్నాయి. నట్టు మీంచి బ్రాకెట్ దాకా, అంతే. ఆర్మ్ మీదకి రాలేదు. అన్నాళ్ళూ పసుపు ఉందా అని మాత్రమే చూశాను, ఎంత పొడుగని చూడలేదు.

కుడి పక్క చూశాను. అదీ అంతే. నాకు పొడుగు గీత నేర్పిన మనిషి పొట్టి గీతలు గీశాడు. చిరిగిన బుష్‌లు, తిట్లు తిన్న షాపువాడు, గాలాడని పిట్, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. నేల మీద బిగించినవాడికి గీత పొట్టిగా గియ్యాల్సిన అవసరం లేదు.

బయటికి చెబితే అతని ఉద్యోగం పోతుంది. అది నాకు వెంటనే తెలిసింది. చెప్పకపోతే బండి ఘాట్ ఎక్కుతుంది. ఇది కూడా అంతే వెంటనే తెలిసింది. రెండు విషయాలు ఒకేసారి తెలిసినప్పుడు నేను చేసే పని ఒకటే, చేతిలో ఉన్న దాన్ని గుడ్డతో తుడవడం. టార్చిని చాలాసేపు తుడిచాను.

తరవాత పిట్ చివర మెట్ల దాకా వెళ్ళి, "బాబాయ్, ఒకసారి కిందకి వస్తారా" అన్నాను.

అతని చెప్పులు మెట్ల దగ్గరకి వచ్చి ఆగాయి. తరవాత వంగలేక వంగిన మొహం కనిపించింది.

"ఏటమ్మా?"

"ఒకసారి చూడండి."

"నీకు కనపడతన్నాది గదా. నానేటి సూడ్డానికి."

పైన ఓనరు, డ్రైవరు మాట్లాడుకుంటున్నారు. నేను గొంతు తగ్గించాను. "గీతలు పొట్టిగా ఉన్నాయి బాబాయ్."

అతను మెట్ల పక్కనున్న ఇనప కడ్డీని పట్టుకుని, దాని మీద లేని దుమ్ముని బొటనవేలితో రాశాడు.

"రంగు అయిపోతన్నాది తల్లీ" అన్నాడు. "పొదుపుగా గీసినాను. టో సూసి పంపీయ్."

చెప్పులు వెళ్ళిపోయాయి. రోడ్డవతల టీ కొట్టు వైపు. ఆ నడకని నేను అన్నాళ్ళూ కింద నుంచి చూస్తూనే ఉన్నాను. ఒక కాలు వెయ్యడానికీ రెండో కాలు వెయ్యడానికీ మధ్య ఎడం పెరిగిందని ఆ రోజే గమనించాను. బూట్లూ చెప్పులూ చూడడమే పనైన దాన్ని నేను.

పెద్ద పానా తీసుకున్నాను. నా ఆలోచన ఏమిటంటే, అతను టీ తాగి వచ్చేలోగా బోల్టులు వదులు చేసి, రబ్బరు తన వాటానికి తాను సర్దుకున్నాక, మళ్ళీ బిగించి, పసుపు గీతల్ని అలాగే ఉంచేయాలని. ఎవరికీ తెలియదు. అతనికి తెలిసినా, తెలియనట్టు ఉండొచ్చు. ఆ రోజు నుంచి ప్రతి బండికీ అలాగే చేద్దామనుకున్నాను. నా జీవితంలో వేసుకున్న పథకాల్లో ఇదొక్కటే నాకు మంచిదనిపించింది.

నేను మరిచిపోయింది ఒకటుంది. మెలి తిరిగి బిగుసుకున్న రబ్బరు, వదిలేటప్పుడు చప్పుడు చేస్తుంది.

మొదటి బోల్టు వదలగానే కిర్రుమంది. తరవాత డబ్బుమని, కర్ర విరిగినట్టు, పిట్ గోడలు మారుమోగేలా మోగింది. బండి ముందు భాగం ఒక్కసారి కుంగింది. వేలెడు కాకపోయినా, పైన నిలబడ్డ ఎవరికైనా కంటికి తెలిసేంత. షెడ్డులో గ్రైండరు ఆగిపోయింది.

"ఏటా సౌండు?" ఓనరు బూట్లు పరుగున వచ్చాయి. వంగి చూశాడు. నా చేతిలో పానా, పానాలో పసుపు నట్టు. "మేస్త్రీ నట్టు నువ్వెందుకు ముట్టుకున్నావు? ఎవరు చెప్పారు నీకు?"

నేను ఏమీ అనలేదు. ధైర్యంతో కాదు. నోరు పెగల్లేదు, అంతే. అది త్యాగంలా కనిపిస్తే నా తప్పు కాదు.

"నోట్లో నాలుక లేదా? కస్టమరు ముందు ఏమిటిది? మేస్త్రీ వచ్చి చూస్తే ఏమంటాడు?" అని ఓనరు అంటూనే ఉన్నాడు. నీలం అతను, "సార్, ఒక్క నిమిషం" అన్నాడు. అతనికి అర్థమైపోయింది, ఆ చప్పుడు ఏమిటో తెలియని మెకానిక్ ఉండడు.

మేస్త్రీ వచ్చాడు. చేతిలో టీ గ్లాసు ఇంకా ఉంది.

"ఆ పిల్లనేటీ అనకండి సార్. గాల్లో బిగించీసింది నానే."

ఓనరు ముందు నవ్వాడు. నమ్మలేక వచ్చిన నవ్వు. "నువ్వా?"

"మోకాళ్ళు మడత పడతన్నేవు. పిట్‌లోకి దిగితే ఎక్కలేకపోతన్నాను. నేల మీద పడుకుంటే లెగలేకపోతన్నాను. లిఫ్టు మీదైతే నిలబడి బిగించొచ్చు గదాని…" అక్కడ ఆపేశాడు.

డ్రైవరు ఏమీ అర్థం కాక ఒకరి తరవాత ఒకర్ని చూశాడు. తరవాత మెల్లగా, "నా బండికేనా బావా ఇలగ సేసినావు?" అన్నాడు. కోపంగా కాదు. అదే బాధ.

మేస్త్రీ గ్లాసుని లిఫ్టు అంచు మీద పెట్టాడు.

"నీ బండికొక్కదానికే కాదు బావా" అన్నాడు.

ఆ మాట తరవాత ఓనరు తిట్టడం మానేశాడు. అతని మొహంలో ఆ వర్షాకాలం అంతా వెళ్ళిన బండ్లు కనిపించాయి, ఏ బండి ఎక్కడ తిరుగుతోందో. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా మనిషి బాధపడుతున్నప్పుడు తిట్టలేని ఓనర్లు కూడా ఉంటారు. అంతమాత్రాన జరిగేది మారదు.

"తప్పుకో తల్లీ" అని మేస్త్రీ నాతో అన్నాడు. "నా రంగు ఉన్నాది. నానే బిగిత్తాను."

ఎవరూ వద్దనలేదు. వద్దనాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. అతను వెనక్కి తిరిగి, మెట్టు మీద కాలు పెట్టి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని దిగాడు. ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ కలిపి ఆగాడు. కింద నేను చేతులు చాచి నిలబడ్డాను కానీ పట్టుకోలేదు, పట్టుకోనివ్వడని తెలుసు. నా దగ్గర పానా తీసుకుని మిగతా బోల్టులు వదులు చేశాడు. ఒక్కొక్కటీ డబ్బుమంది. ప్రతి చప్పుడుకీ అతని కళ్ళు మూసుకున్నాయి. బండి తన బరువుకి తాను సర్దుకున్నాక వరసగా అన్నీ బిగించాడు. బిగించేటప్పుడు అవి పాత చేతులే. జేబులోంచి పసుపు రంగు తీశాడు. నిండుగా ఉంది. పొడుగ్గా, నట్టు మీంచి ఆర్మ్ దాకా, తాపీగా గీశాడు.

"ఇప్పుడు సూడు క్యాస్టర్" అన్నాడు.

స్టీరింగు అటూ ఇటూ తిప్పించి కొలిచాను. ఉండాల్సిన దానికి తక్కువగా వచ్చింది. రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉండే బుష్‌లు వేసి వాలుని ఎలా వెనక్కి తేవాలో అక్కడే, ఎప్పటిలాగే, నాకు వివరించి చెప్పాడు. ఏమీ జరగనట్టే చెప్పాడు. నేనూ ఏమీ జరగనట్టే తలూపాను. అవి మార్చి, మళ్ళీ బిగించి గీశాక అంకెలు కుదిరాయి. బండి తిన్నగా వెళ్తుంది, స్టీరింగు తనంతట తాను వెనక్కి వస్తుంది.

అతను మాత్రం ఎక్కలేకపోయాడు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. మోకాలు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అప్పుడు నీలం అతను కిందకి దిగి వెనక నుంచి నడుం పట్టాడు. డ్రైవరు పైనుంచి చంకల్లో చేతులు వేశాడు. "ఊపిరి బిగబట్టకు బావా, బరువు నా మీదెయ్యి" అంటూ లాగాడు. కొండల మీంచి మనుషుల్ని దింపే మనిషి, ఎలా పట్టుకోవాలో తెలిసినవాడు. నేను అతని చెప్పులు జారకుండా పాదాలు పట్టుకున్నాను.

డ్రైవరు ఆ సాయంత్రం అదే బండిలో వెళ్ళాడు. ఎక్కేముందు కిందకి వంగి, ఆ పసుపు గీతల్ని టార్చి వేసి చూసుకున్నాడు. మేస్త్రీ అది చూశాడు. ఇద్దరి మధ్యా బావ అన్న పిలుపు ఆ రోజు మళ్ళీ వినపడలేదు.

మర్నాటి నుంచి మేస్త్రీ రాలేదు. ఎవరూ తీసేయలేదు, తనే రాలేదు. ఓనరు కబురు పెట్టలేదు కూడా. రెండూ కలిసి ఉద్యోగం పోవడమే అయింది, ఎవరి చేత్తోనూ కాకుండా.

బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించాం. వచ్చిన ప్రతి బండి కిందా పొట్టి పసుపు గీతలు. నేనూ నీలం అతనూ బోల్టులు వదులు చేసి, బుష్‌లు మార్చి, బిగించాం. పద్ధతి ప్రకారం మా రంగులు వేయాలి. పాతదాన్ని థిన్నరుతో తుడవాలి. నీలం అతను తుడిచేవాడు కాదు, పసుపు పక్కన తన నీలం గీసి వదిలేసేవాడు. నేనూ అలాగే చేశాను. పసుపు పక్కన గులాబీ. ఒక బండి మాత్రం రాలేదు. దాని యజమాని అమ్మేశానన్నాడు, కొన్నవాడి నంబరు లేదన్నాడు. ఎత్తుగా ఉన్న పాత బండి ఏదైనా రోడ్డు మీద కనిపిస్తే నేను ఇప్పటికీ దాని ముందు చక్రాలనే చూస్తాను. బస్సులో ఉంటే మెడ తిప్పి మరీ చూస్తాను.

ఎండాకాలం వచ్చేసరికి ఓనరు కొత్త ర్యాంపు కొన్నాడు. బండి దాని మీద చక్రాలు ఆనించి నిలబడుతుంది, మొత్తం ర్యాంపే పైకి లేస్తుంది. కింద మనిషి నిలబడి ఎంత పనైనా చేసుకోవచ్చు. ఇక పిట్ అక్కర్లేదని రాళ్ళూ ఇసకా పోసి పూడ్చేశారు. నా కుర్చీ, ట్యూబ్‌లైటు పైకి వచ్చాయి. నేను కస్టమర్లకి కనపడే చోట కూర్చోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి ఆ షెడ్డు మానేసి వేరే చోట చేరాను. మానేయడానికి అది ఒక కారణం. రెండో కారణం మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

మానేసిన కొత్తలో ఒక ఆదివారం చర్చి నుంచి అటే జాలరిపేట వెళ్ళాను. అతను ఒడ్డుకి లాగిన ఒక పడవ నీడలో, ఇసక మీద గోనె పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్ళల్లో గ్రీజు లేదు, నాకు అదే కొత్తగా అనిపించింది. వాళ్ళావిడ చేపల గంప సర్దుకుంటూ, "సెప్పమ్మా, ఈయన ఇంట్లో కూకుంటే మంచం కోళ్ళు కూడా అలైన్‌మెంటు సూత్తన్నాడు" అంది. అతను నవ్వాడు. కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

ర్యాంపు గురించి చెప్పకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. చెప్పులు విప్పి గోనె చివర కూర్చున్నాను. బుష్‌ల గురించి, కొత్త చోటు గురించి, ఏవేవో మాట్లాడుకున్నాం. నీలం అతను అప్పుడప్పుడు వచ్చి వెళ్తున్నాడట. కొండ డ్రైవరు రాలేదట, కానీ ఫోన్ చేశాడట, బండి తిన్నగా వెళ్తోందని చెప్పడానికి. అంతే చెప్పి పెట్టేశాడట.

కాసేపటికి అతనే అడిగాడు. "పిట్ పూడ్సీసినారట గదా?"

"అవును బాబాయ్."

"ఆ కొత్త దానికి మెట్లు నేవా?"

"లేవు."

"బండి సక్రాల మీదే ఉంటాదా? నిలబడే బిగించొచ్చా?"

"నిలబడే బిగించొచ్చు."

అతను నీళ్ళ వైపు చూస్తూ తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"మంచిదే" అన్నాడు. "నీలం గాడికి మోకాళ్ళు మిగుల్తాయి."

ఇక వెళ్తానన్నాను. బస్సు దాకా వస్తానని అతను పడవ అంచు పట్టుకున్నాడు, లేవడానికి. నేను అటు చూడకుండా తల వంచుకుని, చెప్పులు వేసుకుంటూ ఉండిపోయాను. చెప్పుకి ఉన్న బకిలు సరిగ్గానే ఉంది. దాన్ని విప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ విప్పాను. ఇసక మీద అతని పాదాలు రెండూ తిన్నగా నిలబడేదాకా పెడుతూనే ఉన్నాను.